కుటుంబ ఛాయాచిత్రములు: వాని సంరక్షణము

మన యిండ్లలో భూముల పత్రములను ఇనుప పెట్టెలో నుంచి తాళము వేయుదుము. బంగారు నగలను గుడ్డలో చుట్టి బీరువాలో దాచుదుము. కాని తాతముత్తాతల ఛాయాచిత్రములను మాత్రము ఇంటి దూలము క్రింద మేకునకు తగిలించి మఱచిపోవుదుము. వంటింటి పొగ, వానకాలపు చెమ్మ, వేసవి యెండ, చెదలు, ఇవన్నియు వానిపై ఎడతెగక పని చేయుచుండును. భూమి పత్రము పోయినచో తహసీలు కచేరిలో నకలు దొరకవచ్చును. ముత్తవ్వ ముఖము చెడిపోయినచో నకలిచ్చు కచేరి యెక్కడను లేదు.

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల వారికి ఈ విషయము మఱింత ముఖ్యమైనది. మానేరు నదిపైనను గోదావరిపైనను కట్టిన జలాశయముల క్రింద అనేక గ్రామములు మునిగిపోయినవి. దిగువ మానేరు జలాశయము 1985లో పూర్తియైనది. మధ్య మానేరు జలాశయము మన కనులయెదుటనే నిండినది. ఆ యూళ్లను విడిచి వచ్చిన కుటుంబములలో కొందఱికి తాము పుట్టిన యిల్లు నేడు ఒకే చోట కానవచ్చును. పెండ్లినాడు తీయించిన పటములో, వధూవరుల వెనుక, సగము కనబడు అరుగును తలుపును మాత్రమే ఆ యింటి గుఱుతులుగా మిగిలియున్నవి. అట్టి పటము చెడిపోయినచో ఇల్లు రెండవమాఱు మునిగినట్లే.

ఈ వ్యాసమున మూడు విషయములు వివరింపబడును. పటములు ఎందుచేత చెడును? వానిని ఎట్లు కాపాడవలెను? కాపాడిన పటమునకు విలువ నిచ్చునది ఏది? ఈ మూడవ ప్రశ్నకు ఉత్తరము ముందుగా తెలిసినచో తక్కినవి సులభముగా బోధపడును. కావున మన జిల్లాలోనే నివసించిన యొక దంపతుల నిదర్శనముతో ప్రారంభింతము.

మార్లవాయి దంపతులు

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ గారు ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియెన్నా నగరమున 1909లో జన్మించిరి. మానవజాతుల ఆచార వ్యవహారములను పరిశీలించు శాస్త్రము నభ్యసించి, 1936, 1937 సంవత్సరములలో నాగజాతుల నడుమ నివసించి వారిని గుఱించి వ్రాసిరి. 1938లో ఎలిజబెత్ బర్నార్డో గారిని వివాహమాడిరి. ఆమెను అందఱును బెట్టీ అని పిలిచెడివారు. 1939లో ఆయన మరల భారతదేశమునకు వచ్చిరి. ఆ యేడే యూరపులో యుద్ధము ప్రారంభమైనది. అంతకు ముందటి సంవత్సరము జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించుకొనియుండుటచే ఆయన చేతనున్నది జర్మనీ పాసుపోర్టు. అందుచేత ఆంగ్ల ప్రభుత్వము ఆయనను శత్రుదేశీయునిగా నెంచి, హైదరాబాదు రాజ్యమును దాటి పోరాదని కట్టడి చేసెను. ఆ కట్టడియే మన ప్రాంతమునకు మేలైనది.

దంపతులు మొదట నల్లమల చెంచులను, పిమ్మట గోదావరి గట్లపై నివసించు కొండరెడ్లను దర్శించిరి. 1940లో జోడేఘాటువద్ద కుమ్రం భీము నేలకూలిన పిదప, గోండులు ఎందుచేత తిరుగబడిరో విచారింపవలసిన అవసరము నిజాము ప్రభుత్వమునకు కలిగినది. ఆ కార్యము హైమన్‌డార్ఫ్ గారి కప్పగింపబడెను. వారు జైనూరు సమీపమున నున్న మార్లవాయి గ్రామమును తమ నివాసముగా చేసికొని, గ్రామస్థుల యిండ్లవంటి గుడిసెలోనే కాపుర ముండిరి. నేడు ఆ గ్రామము, 2016లో ఆదిలాబాదు జిల్లా విభజింపబడిన పిదప ఏర్పడిన కుమ్రం భీము ఆసిఫాబాదు జిల్లాలోనిది.

ఆ దంపతులు కేవలము చూచి వ్రాసికొని పోయినవారు కారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు పాఠశాల స్థాపింపబడినది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో, పిల్లలకు వాచకములు సిద్ధము చేయబడినవి. సాగు చేసికొను భూములపై హక్కులేక బాధపడు కుటుంబములకు పట్టాలిప్పించుటకు హైమన్‌డార్ఫ్ గారు పాటుపడిరి. కెస్లాపురమునందు నాగోబా జాతరవేళ అధికారులు వచ్చి గిరిజనుల మొఱల నాలకించు దర్బారు కూడ ఆ కాలమున వారి ప్రోద్బలముననే ప్రారంభమై, నేటికిని జరుగుచున్నది. 1945లో ఆయన నిజాము ప్రభుత్వమునకు గిరిజన విషయములలో సలహాదారుగా నియమింపబడిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులుగను పనిచేసిరి.

ఈ పనులన్నిటి నడుమ ఆయన చేతిలో కెమెరా ఉండెడిది. దుక్కి దున్నుట, ధాన్యము నూర్చుట, దండారి నృత్యములు, నెమలిపింఛముల కిరీటములు ధరించిన గుస్సాడీలు, జాతరలు, పెండ్లిండ్లు, గుడిసె ముంగిట కూర్చున్న తల్లులు, వారి యొడిలోని శిశువులు, ఇట్టివి పటములుగా తీయబడినవి. అవి ఒక విధమున ఆ దంపతుల కుటుంబ చిత్రములే. ఏలయన ఆ దంపతుల సంసార జీవితమునందలి తొలి యేండ్లు మన కొండలలోనే గడచినవి. మఱియొక విధమున అవి మార్లవాయి, కెస్లాపురము మొదలగు గ్రామముల వందలకొలది యిండ్లవారి కుటుంబ చిత్రములు. ఆ కాలమున కెమెరా గల గోండు కుటుంబ మెక్కడిది? పటము తీయించుకొనుటకు పట్టణమునకు పోయి రూకలు చెల్లింపగలవా రెందఱు?

బెట్టీ గారి పాత్ర

గ్రంథముల అట్టలపై భర్త పేరే తఱచుగా కనబడును. కాని బెట్టీ గారు అడవులలోను కొండలలోను ఆయన వెంట నుండి పరిశోధనమున పాలుపంచుకొనిరి. వారి ప్రత్యేకమైన పని యొకటి మన ప్రస్తుత విషయమునకు మిగుల సంబంధించినది. దక్షిణాసియాలోని ప్రజల జీవనమును గుఱించి వెలువడిన గ్రంథములను వ్యాసములను వెదకి, క్రమపఱచి, ఆమె యొక పెద్ద పట్టికను సిద్ధము చేసిరి. దాని మొదటి సంపుటము 1958లో ఆమె పేరిటనే అచ్చయినది. ఎక్కడ ఏమి యున్నదో తెలియనిచో ఉన్న వస్తువును లేనట్టిదే యగును. పట్టిక వ్రాయుట వెలుగులేని పని. కాని అది లేక ఏ భండారమును నిలువదు. 1979లో వెలువడిన గోండుల గ్రంథముపై భార్యాభర్త లిద్దఱి పేర్లును కలవు.

హైమన్‌డార్ఫ్ గారు తరువాత లండను నగరమున ప్రాచ్య, ఆఫ్రికా దేశముల విద్యలకై వెలసిన విశ్వవిద్యాలయ కళాశాలలో ఆచార్యులైరి. అయినను దంపతులు మార్లవాయిని మఱువక పలుమాఱులు వచ్చుచుండిరి. 1940లలో తాము చూచిన దానిని తరువాతి స్థితితో పోల్చి, గోండుల భూములు బయటినుండి వచ్చినవారి పాలగుటను హైమన్‌డార్ఫ్ గారు 1982నాటి గ్రంథమున వివరించిరి. పూర్వపు వ్రాతయు పూర్వపు పటమును లేనిచో ఇట్టి పోలిక సాధ్యము కాదు. 1987 జనవరి 11వ తేదీన బెట్టీ గారు హైదరాబాదులో మరణించిరి. ఆమెను మార్లవాయిలో సమాధి చేసిరి. 1995లో హైమన్‌డార్ఫ్ గారు లండనులో కాలధర్మము నొందిరి. వారి చితాభస్మము 2012లో మార్లవాయికి తేబడి భార్య సమాధి ప్రక్కన నుంచబడినది. ఏటేట జనవరి 11న గ్రామస్థులు అచట చేరి ఆ దంపతులను స్మరించుచున్నారు.

వారి పటములు, చలనచిత్రములు, దినచర్య పుస్తకములు లండనులోని ఆ కళాశాల భండారమున భద్రముగా నున్నవి. వేలకొలది పటములు డిజిటల్ ప్రతులుగను మార్పబడినవి. ఎనుబదియేండ్లు గడచినను అవి చెడకుండుటకు కారణము లండనులోని చల్లని గదులు మాత్రమే కాదు. ఏ పటము ఎక్కడ, ఎప్పుడు, ఏ సందర్భమున తీసినదో వ్రాతపూర్వకముగ నుండుటయే వానికి ప్రాణము.

అయినను ఒక పని మిగిలియున్నది. పటము క్రింద గ్రామము పేరుండి మనిషి పేరు లేకపోయినచో, ఆ పేరు చెప్పగలవా రెవరు? లండనులోని భండారాధికారి కాగితమును కాపాడగలడు గాని, నాగలి పట్టిన యువకుడు ఎవరి తాతయో చెప్పలేడు. అది చెప్పగలవారు మన కొండలలోనే యున్నారు. 1943లో పదియేండ్ల ప్రాయము గల బాలుడు నేడు జీవించియున్నచో తొంబది దాటిన వృద్ధుడు. అట్టివారు ఏడాది కేడాది తగ్గిపోవుచున్నారు. కాగితము వేచియుండును, జ్ఞాపకము వేచియుండదు.

దూరదేశపు నిదర్శన మొకటి

హైమన్‌డార్ఫ్ గారి జన్మస్థలమగు వియెన్నాను జర్మనీవారు 1938లో ఆక్రమించుకొనినప్పుడు, అచటి యూదులు వేలకొలదిగా ఇల్లు వాకిలి విడిచి పరుగెత్తవలసి వచ్చెను. తరువాతి యేండ్లలో ఆ యాపద యూరపు ఖండ మంతటను వ్యాపించినది. పటములు అట్టి ప్రళయమున నెట్లు నశించునో, ఎట్లు మిగులునో తెలుపు వృత్తాంత మొకటి కలదు.

నేటి లిథువేనియా దేశమున ఎయిషిషాక్ అను చిన్న పట్టణము కలదు. అచట ఇత్జాక్ ఊరి కట్స్, ఆయన భార్య ఆల్టే కట్స్ అను యూదు దంపతులు ఛాయాచిత్రశాలను నడిపిరి. వారును, ఆ యూరి మఱికొందఱు ఛాయాచిత్రకారులును, 1890 మొదలు 1941 వఱకు ఆ పట్టణవాసుల పటములను తీసిరి. పెండ్లిండ్లు, బడిపిల్లలు, అంగళ్లు, విహారములు, అన్నియు అందులో కలవు. 1941 సెప్టెంబరు మాసమున రెండు దినములలో ఆ పట్టణపు యూదులను వేలకొలదిగా చంపివేసిరి. శతాబ్దముల తరబడి వర్ధిల్లిన జనసమూహము ఆ విధముగ అంతరించెను.

ఆ దంపతుల మనుమరాలు యాఫా ఎలియాక్ గారు బాల్యమున ఆ ఘోరమునుండి తప్పించుకొని, పెద్దయై అమెరికాలో చరిత్రాచార్యులైరి. చనిపోయినవారిని శవముల కుప్పలుగా గాక, బ్రతికిననాటి ముఖములతో లోకము చూడవలెనని ఆమె సంకల్పించిరి. దేశదేశములు తిరిగి, ఆ పట్టణమునుండి పూర్వము వలసపోయినవారి యిండ్ల తలుపులు తట్టి, వేలకొలది పటములను సేకరించిరి. 1993లో వాషింగ్టను నగరమున తెఱచిన స్మారక ప్రదర్శనశాలలో, వానిలో సుమారు వేయి పటములు మూడంతస్తుల యెత్తున గోపురమువలె నిలుపబడినవి.

ఊరు ఊరంతయు నశింపగా పటములు ఎట్లు మిగిలినవి? ఆ యూరివారు సంవత్సరాది శుభాకాంక్షలు తెలుపుటకై తమ పటములను అమెరికా మొదలగు దేశములలోని బంధువులకు పంపు వాడుక గలవారు. ఇంటిలోని ప్రతి నశించినది. బంధువున కంపిన ప్రతి మిగిలినది. దీనినుండి మనము నేర్వదగిన నీతి యిది: ఒకే పటము ఒకే యింట నున్నంత కాలము దానికి రక్షణ లేదు.

పటము ఎందుచేత చెడును?

నలుపు తెలుపుల పటమును చేతబట్టి చూచినప్పుడు మనకు కానవచ్చు నలుపు వాస్తవముగా వెండియే. కాగితముపై జెలటిన్ అను పలుచని జిగట పూత యుండును. ఆ పూతలో కంటికి కనబడనంత సూక్ష్మమైన వెండి రేణువులు చిక్కుకొనియుండును. వెలుగుచీకటుల ననుసరించి రేణువులు దట్టముగనో పలుచగనో యుండుటచేతనే ముఖము ఏర్పడును.

కరీంనగరువారికి వెండిని గుఱించి వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఇచటి వెండి తీగపని దేశమంతట పేరుగన్నది. సన్నని తీగతో అల్లిన పందానును గాలిలో విడిచినచో కొన్ని మాసములలో నల్లబడుట అందఱు నెఱిగినదే. గాలిలోని గంధక సంబంధమగు వాయువులే దానికి కారణము. ఆ వాయువులే పటములోని వెండిని గూడ తాకును. అప్పుడు పటము పసుపువన్నె నొందును. అంచులయందు అద్దమువలె తళతళలాడు మఱక కానవచ్చును. పందానును తోమి మెఱుగు పెట్టవచ్చును గాని పటమును తోమరాదు.

జెలటిన్ జంతువుల చర్మములనుండియు ఎముకలనుండియు చేయబడు పదార్థము. చెమ్మ తగిలినచో అది యుబ్బి మెత్తబడి, ఎదుట నేది యున్న దానికి అంటుకొనును. ఫ్రేములోని అద్దమునకు పటము అతుకుకొనుట యిందుచేతనే. బూజునకును పురుగులకును జెలటిన్ మంచి యాహారము. గాలిలో తేమ నూటికి 65 పాళ్లకు మించి నిలిచినచో బూజు పెరుగుట కనుకూలము. ఆషాఢ శ్రావణములలో మన మట్టిగోడలయొద్ద అట్టి తేమ సామాన్యము.

రంగుల పటములలో కడపట మిగులునది వెండి కాదు. మూడు విధములైన రంగు పదార్థములు. అవి వెలుతురుచేతను వేడిచేతను వెలిసిపోవును. మూటలో దాచినను వేడి విడువదు. 1970, 1980 సంవత్సరముల ప్రాంతపు పెండ్లి పటములు పలు యిండ్లలో ఎఱ్ఱబాఱియుండుటకు కారణము, వానిలోని నీలివన్నె మొదట నశించుటయే. వేసవిలో 45 డిగ్రీలు దాటు మన ప్రాంతమున, రేకుల కప్పు క్రిందనో అటుకపైననో పటముల నుంచుట వానిని వేపుటయే యగును.

నెగటివులను గుఱించి యొక హెచ్చరిక. 1950కి పూర్వపు ఫిలిములలో కొన్ని నైట్రేటు అను పదార్థముతో చేసినవి. అవి సులభముగ మండును. తరువాతి ఫిలిములు కొన్ని చెడునప్పుడు పులిసిన ద్రాక్షసారపు వాసన వేయును. అట్టి వాసన గలవానిని తక్కిన పటములనుండి వేఱుపఱచి, గాలి యాడు చోట నుంచి, ఆలస్యము చేయక ప్రతులు తీయింపవలెను. గాజుపలకలపై తీసిన నెగటివులు బరువైనవి, పెళుసైనవి. కాని జాగ్రత్తగా నుంచినచో దీర్ఘకాలము నిలుచును. నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీనదయాళు గారి గాజు నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధి జాతీయ కళాకేంద్రమువారు 1989లో సంపాదించి భద్రపఱచుటయే దీనికి తార్కాణము. 1905లో మరణించిన ఆ చిత్రకారుని పని నేటికిని మనకు దక్కియున్నది.

ఎట్లు కాపాడవలెను?

ఖరీదైన సాధనము లక్కఱలేదు. శ్రద్ధయు, క్రమమును చాలును.

మొదటిది: చేతులు కడిగి, పూర్తిగా తుడిచికొని, పటమును అంచులయందే పట్టుకొనవలెను. వ్రేళ్ల చెమటయు నూనెయు వెండిపై మఱకలై నిలిచిపోవును.

రెండవది: దుమ్మును మెత్తని పొడి కుంచెతో మెల్లగ దులుపవలెను. నీరు, ఉమ్మి, స్పిరిటు, నూనె తగులనీయరాదు.

మూడవది: జిగురుతో అట్టలకు అంటింపరాదు. అంటుకొను పుటలు గల ఆల్బములు మిక్కిలి హానికరములు. ఆ బంక కాలక్రమమున పటమును పసుపుగ చేసి విడువకుండును. గుండుసూది, పిన్ను, రబ్బరు పట్టీ, అంటుటేపు, వీనిలో దేనిని వాడరాదు. పటమునకు పటమునకు నడుమ ఆమ్లము లేని తెల్లకాగిత ముంచి, అట్టపెట్టెలో పరచి యుంచుట మంచిది. ప్లాస్టిక్కు తొడుగులు వాడదలచినచో పాలియెస్టరు, పాలిప్రొపిలీను రకములు మేలు. ఘాటైన వాసన వేయు మెత్తని ప్లాస్టిక్కును వర్జింపవలెను.

నాలుగవది: పెట్టెను ఇంటి నడిమి గదిలో, వెలుపలి గోడకు తగులకుండ, నేలనుండి ఎత్తుగ నుంచవలెను. వేపాకుగాని కలరా ఉండలుగాని పటములకు తగులరాదు. మూడు మాసముల కొకపరి తెఱచి చెమ్మ, చెదలు, బూజు లేకుండుట పరీక్షింపవలెను.

అయిదవది: గోడకు తగిలింపవలసినది అసలు పటము కాదు, దాని నకలు. పూలదండ వేయుట, కుంకుమ పెట్టుట, దీపము వెలిగించుట మొదలగు మర్యాదలన్నియు నకలునకు జరుగవచ్చును. అందుచేత పెద్దలకు లోపము లేదు. వారి నిజమైన ముఖము పెట్టెలో క్షేమముగ నుండును.

ఆరవది: అద్దమునకు అతుకుకొనిన పటమును పెఱికి తీయరాదు. తీసినచో ముఖము అద్దమునకే మిగులును. అద్దము మీదుగనే ప్రతి తీయించి, అసలును అట్లే యుంచవలెను.

ఏడవది: వఱదలో తడిసిన పటముల సంగతి. 2022 జూలై మాసమున గోదావరి వఱద మంచిర్యాల పట్టణములోని యిండ్లలో ప్రవేశించినది. అట్టివేళ తడిసిన పటములను కట్టగట్టి ఎండలో నుంచినచో అవి ముద్దయై పోవును. వెంటనే ఒక్కొక్క దానిని విడదీసి, బురద యున్నచో చల్లని శుభ్రమైన నీటిలో మెల్లగ ముంచి తీసి, ముఖము పైకుండునట్లు నీడలో నూలుబట్టపై ఆరవేయవలెను. మనుష్యుల ప్రాణములు, పశువులు, ధాన్యము ముందు, పిమ్మట పటములు. కాని రెండు మూడు దినములలోపలనే వాని సంగతి చూడవలెను.

ప్రతులు తీయుట

స్కానరు దొరకినచో అంగుళమునకు 600 చుక్కల చొప్పున ప్రతి తీయవలెను. అది లేనిచో చేతి ఫోనుతోనైనను తీయవచ్చును. పటమును కిటికీ వెలుతురున చదునుగ నుంచి, ఫ్లాషు వేయక, ఫోను పటమునకు సమాంతరముగ పట్టి తీసినచో చాలును. వెనుకవైపు వ్రాత యున్నచో దానినిగూడ తీయవలెను. ఛాయాచిత్రశాల ముద్రయు, తపాలా గుఱుతును, తేదీయు అందుండవచ్చును.

ప్రతులు మూడుండవలెను: ఇంట నొకటి, కంప్యూటరులోనో వేఱు డిస్కులోనో నొకటి, పరయూరిలోని బంధువునొద్ద నొకటి. ఎయిషిషాక్ పటములను కాపాడినది ఈ మూడవ ప్రతియే. పనికై బొంబాయి, భివండి, దుబాయి నగరములకు పోయిన బంధువులు మన జిల్లాలలో ఏ యింటికి లేరు? వారికి పంపిన పటము వారికి ఊరి తలపును, మనకు రక్షణమును ఇచ్చును. డిస్కులును శాశ్వతములు కావు గనుక ఏటి కొకసారి తెఱచి చూడవలెను.

అయితే ఇతరుల పటములను వారి యనుమతి లేక పదిమందికి పంపుట తగదు. ముఖ్యముగ పరుల యింటి స్త్రీల పటములను, శోకసమయములందు తీసిన పటములను పంచునపుడు ఆ యింటి పెద్దల నడుగుట మర్యాద.

పేరు వ్రాయుట

ఇదియే అన్నిటికంటె ముఖ్యమైన పని. దీనికే మనము అన్నిటికంటె తక్కువ శ్రద్ధ చూపుచున్నాము. పటమును బోరగిల త్రిప్పి చదునైన బల్లపై నుంచి, మెత్తని పెన్సిలుతో, అంచుదగ్గఱ, నొక్కి పట్టక వ్రాయవలెను. బాలుపెన్ను సిరా ముందువైపునకు ఊరవచ్చును. గట్టిగ వ్రాసినచో ముఖముపై గీతలు తేలును. పెన్సిలు పట్టని నునుపు కాగితమైనచో వేఱు చీటిపై వ్రాసి పటముతో కవరులో నుంచవలెను.

ఏమి వ్రాయవలెను? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ సందర్భమున. ఈ సంగతులు ఎవరు చెప్పిరి, ఏ తేదీన చెప్పిరి. సంవత్సరము తెలియనిచో పెద్దల లెక్కనే వ్రాయవచ్చును. పోలీసు చర్యకు ముందా తరువాతనా, పెద్దన్న పుట్టిన యేడా, కడెము ఆనకట్ట కట్టుచున్నప్పుడా యని యడిగినచో వృద్ధులకు వెంటనే స్ఫురించును. 1948వ సంవత్సరము అంకెగా గుఱుతు లేకున్నను ఆ యేటి కలవరము గుఱుతుండును.

స్త్రీల విషయమున ఒక మాట. మన యిండ్లలో పురుషుని పేరు చెప్పి, ప్రక్కనున్న యామెను పెద్ద కోడలనియో, ఫలానివాని భార్యయనియో చెప్పి యూరకుండుట పరిపాటి. రెండు తరములు గడచినచో ఆమె పేరు ఆ యింటివారికే తెలియదు. అన్నము పెట్టి పెంచిన తల్లి పేరు తెలియని మనుమలు మనలో కొల్లలు. అడుగువారు పట్టుదలతో అడుగవలెను: అవ్వా, ఆమె పేరేమి? పుట్టిల్లు ఏ యూరు? బెట్టీ గారి పేరు ఆమె సిద్ధము చేసిన పట్టికపై అచ్చయినందుననే ఆమె శ్రమ మనకు తెలియుచున్నది. మన యవ్వల పేర్లు పటము వెనుకనైనను వ్రాయబడవలెను.

విద్యార్థులు చేయదగిన పని

విద్యార్థులారా! ఈ పని పండితులకును భండారాధికారులకును విడువదగినది కాదు. పటముల నెఱిగిన వృద్ధుల ప్రక్కన కూర్చుండు భాగ్యము మీకే కలదు. వచ్చు సెలవులలో ఒక్కొక్కరు ఒక్కొక్క పటమును తీసికొని, ఇంటిలోని మిక్కిలి పెద్దవారియొద్ద కూర్చుండి, అందలి ప్రతి ముఖమునకు పేరడిగి వ్రాయుడు. కన్ను మందగించినవారికి ఫోనులో పెద్దదిగ చూపుడు. వారు చెప్పు కథను వారి మాటలలోనే వ్రాసికొనుడు. జైనూరు, ఉట్నూరు, నార్నూరు ప్రాంతపు గోండు, కోలాము, పర్ధాను విద్యార్థులు హైమన్‌డార్ఫ్ గారి పటముల డిజిటల్ ప్రతులను తమ తాతలకు చూపి పేర్లడిగినచో, లండనులోని వారు చేయలేని పని మార్లవాయిలో జరుగును.

తల్లిదండ్రులకు మనవి: పాత పటములను చెత్తయని తలంపక, ఇల్లు మార్చునపుడును పెట్టెలు సర్దునపుడును పిల్లల సమ్ముఖమున వానిని తెఱవుడు. చిరిగినదైనను వెలిసినదైనను పాఱవేయకుడు. నేడు మనకు తెలియని ముఖమును రేపు వేఱొక బంధువు గుఱుతింపవచ్చును.

బడులలో ఏటేట తీయించు సామూహిక చిత్రముల క్రింద, నిలుచున్నవారు, కూర్చున్నవారు, నేలపై నున్నవారు అని వరుసలు చెప్పి, ఎడమనుండి కుడికి పేర్లచ్చు వేయు ఆచారము చిరకాలముగ నున్నది. ఆ చిన్న యక్షరముల వరుసను చదువక పుట త్రిప్పుట మనకు అలవాటు. ఏబదియేండ్లకు ఆ పుటను తెఱచు మనుమనికి, పైనున్న ముఖములకంటె క్రిందనున్న ఆ వరుసయే ముందుగ కావలసివచ్చును. ఇంటి పటముల వెనుక అట్టి వరుసను వ్రాయుటకు కావలసినది పెన్సిలు ముక్కయు, చెప్పువారు బ్రతికియున్న ఒక సాయంకాలమును.